గోడకూ ఊపిరాడాలి

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని బాగుచేసి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. ఆ మాట అనవలసిన అవసరం వాళ్లకు కలిగి ఉండదు. ఏటేటా వానలకు ముందు పెంకులు సర్దుకోవడం, పండగకు ముందు సున్నం వేసుకోవడం, అరుగులు అలుక్కోవడం - ఇదంతా ఇంటిపనిలో భాగమే. దానికి మరమ్మతు అని వేరే పేరు లేదు. మనం అలా కాదు. ముప్ఫై నలభై ఏళ్లు ఇంటి మొహం చూడకుండా వదిలేసి, ఒకనాడు హఠాత్తుగా మేలుకుని, "ఉంచుదామా, కూలగొడదామా?" అని పంచాయితీ పెడతాం.

అటువంటి పంచాయితీ ఒకటి హత్నూరలో మా మేనమామగారి ఇంట జరిగింది. మామ పోయి మూడేళ్లయింది. ఇంట్లో అత్తమ్మ, ఇద్దరు కొడుకులు, వాళ్ల సంసారాలు. "చదువుకున్నవాడివి, నువ్వొచ్చి నాలుగు మాటలు చెప్పు" అని కబురు పెడితే వెళ్లాను. కాలేజీలో ప్రబంధాల పురవర్ణనలు పాఠం చెప్పేవాణ్ణే గాని, నిజం పురంలో నిజం గోడ ఎందుకు చెమ్మగిల్లుతుందో నాకేం తెలుసు? ఆ పంచాయితీ పుణ్యమా అని నేర్చుకున్నాను. నేర్చుకున్నది నలుగురికీ పనికొస్తుందేమోనని ఇక్కడ రాస్తున్నాను.

పది గదుల లెక్క

హత్నూర ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. 2016లో జిల్లాలు విడిపోక ముందు అది మెదకు జిల్లా. పటాన్‌చెరు, బొల్లారం వైపు 1970ల నుంచి పెరుగుతూ వచ్చిన కర్మాగారాలు పొలాలు దాటి, చెరువులు దాటి ఈ మండలంలోని గుండ్ల మాచ్‌నూరు దాకా వచ్చాయి. వాటితోపాటే ఒడిశా నుంచి, బీహారు నుంచి పనివాళ్లు వచ్చారు. పనివాళ్లకు తల దాచుకోవడానికి గదులు కావాలి. అంచేత ఈ చుట్టుపక్కల పాత ఇల్లు ఉన్న ప్రతివాడి మనసులోనూ ఒకటే లెక్క: ఇల్లు పడగొడితే ఎన్ని గదులు లేస్తాయి, నెలకు ఎంత అద్దె వస్తుంది?

మామగారి ఇల్లు నిజాం కాలం నాటిది. మామ తాతగారు కట్టించారు. వీధి వైపు రెండు అరుగులు, వాటి నడుమ ఇత్తడి బొడిపెలు కొట్టిన టేకు దర్వాజ. లోపల నాలుగు పక్కలా వసారాలు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి. రాతి దిమ్మెల మీద నిలబెట్టిన మొగురాలు. మట్టి గోడలు, మూరెడుకు మించిన మందం. వాటి మీద సున్నపు గచ్చు. పైన మూడు వైపులా గూనపెంకుల కప్పు, ఒక వైపు మట్టి మిద్దె. గోడల్లో దీపం గూళ్లు. వెనక పశువుల కొట్టం, బావి.

వర్ణన బాగానే ఉంది. ఇక దాని స్థితి చెప్పాలి. పెంకులు జారి వసారాలో మూడుచోట్ల వాన కారుతోంది. రెండు మొగురాలకు అడుగున చెద పట్టింది. ఉత్తరపు గోడకు మనిషి నడుము ఎత్తు వరకు చెమ్మ ఎక్కి, పూత పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోంది. చిన్న బామ్మర్ది నన్ను పక్కకు పిలిచి కొంచెం కోపంగానే అన్నాడు:

"బావా, నువ్వు వచ్చి రెండు దినాలుండి, ఇల్లు మస్తుగున్నదని మెచ్చుకుని పోతవు. వానకాలం రాత్రంత గిన్నెలు పెట్టుకుంట తిరిగేది మేము."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పాత ఇల్లు చూడముచ్చటగా ఉందని చెప్పేవాళ్లలో చాలామంది అందులో కాపురం ఉండేవాళ్లు కారు. ఈ సంగతి మొదటే ఒప్పుకోవడం మంచిది.

అత్తమ్మ మాత్రం కొడుకులతో వాదించలేదు. నడిమి వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతూ, "పది గదులు ఏస్తరట బిడ్డా. మరి నేను యాడ కూసోవాలె?" అని అడిగింది. అంతే.

ఆ వారంలోనే పాత దర్వాజలు కొనే వ్యాపారి ఒకాయన వచ్చి చూసి వెళ్లాడు. దర్వాజకూ మొగురాలకూ అతను చెప్పిన ధర విని పెద్ద బావ కూడా ఆశ్చర్యపోయాడు. ఎక్కడికి పోతాయని అడిగితే, పట్నంలో హోటళ్లకూ తోట బంగళాలకూ అన్నాడు. పల్లెలో పనికిరాదని పడగొట్టిన ఇంటి దర్వాజ పట్నంలో అలంకారంగా నిలబడుతుందన్నమాట!

గోడ ముక్కు మూసింది ఎవరు?

కూలగొట్టాలన్న వాదానికి ముఖ్య సాక్ష్యం ఉత్తరపు గోడ. "అది పోయిన గోడ, ఎన్నిసార్లు పూసినా నిలవదు" అన్నారు. చివరిమాటగా ఊళ్లోని ఒక ముసలి మేస్త్రిని పిలిపించాం. డెబ్భై దాటిన మనిషి. చిన్నప్పుడు తండ్రి వెంట దంగు సున్నం పనిచేసినవాడు. గోడను వేలి మెటికతో అక్కడక్కడ తట్టి చూశాడు. పెచ్చు ఒకటి ఊడదీసి వాసన చూశాడు. తరవాత నావైపు తిరిగి అన్నాడు:

"సారూ, గోడకు గూడ ఊపిరాడాలె. మీరు సిమెంటు తోని దాని ముక్కు మూసిండ్రు. లోపటి తడి యాడికి వోవాలె?"

అప్పుడు జ్ఞాపకం వచ్చింది అందరికీ. ఇరవై ఏళ్ల కిందట, మామ బతికుండగా, కొద్దిపాటి చెమ్మ కనిపిస్తే "గట్టిగా ఉంటుంద"ని ఆ గోడకు సిమెంటు పూయించారు. మిగతా మూడు గోడలూ పాత సున్నం మీదే ఉన్నాయి. అవి బాగానే ఉన్నాయి కూడా. జబ్బు చేసింది వైద్యం చేసిన గోడకే.

మేస్త్రి మాటలో ఉన్న శాస్త్రం తరవాత పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాను. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే, అందులోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. మిగిలిన దాని మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడికి సున్నం అవుతుంది. ఆ సున్నాన్ని ఇసుకతో కలిపి గోడకు వేస్తే, అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మళ్లీ పీల్చుకుని, నెమ్మదిగా, నెలల తరబడి గట్టిపడుతూ తిరిగి రాయి అవుతుంది. రాయి నుంచి వచ్చి రాయిలోకే పోతుందన్నమాట. అయితే ఆ పూతలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలు మిగులుతాయి. మట్టి గోడ నేలలోంచి పీల్చిన తడి ఆ రంధ్రాల గుండా బయటికి వచ్చి ఆరిపోతుంది. గోడ కొంచెం కదిలినా సున్నం కొంతవరకు ఓర్చుకుంటుంది.

సిమెంటు స్వభావం వేరు. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీపనివాడు దానికి పేటెంటు తీసుకున్నాడు. పోర్ట్‌లండు అనేచోట దొరికే రాతి రంగులో ఉంటుందని దానికి ఆ పేరు పెట్టాడు. త్వరగా బిగుస్తుంది, బలంగా ఉంటుంది, నీటిని సులభంగా వదలదు. కొత్త పునాదికీ, స్లాబుకూ అది కావలసిందే. కాని మెత్తని మట్టి గోడ మీద గట్టి సిమెంటు పొర వేస్తే, తడి బయటికి రాలేక లోపలే పైపైకి ఎక్కుతుంది. నేలలోని ఉప్పును కూడా వెంట తెస్తుంది. ఆ ఉప్పు గడ్డకట్టి పూతను వెనక నుంచి తోస్తుంది. పూత ఊడినప్పుడు తనతోపాటు గోడ మట్టినీ పెరుక్కుని పోతుంది. ఇంకా గట్టిగా ఉండాలని మళ్లీ సిమెంటే పూస్తాం. జబ్బును మందనుకుని మళ్లీ మళ్లీ మింగినట్టు.

ఇది మా మామగారొక్కరే చేసిన పొరపాటు కాదు. పెద్ద పెద్ద కట్టడాలకూ ఇదే జరిగింది. గోలకొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల మీద వెనకటి మరమ్మతుల్లో సిమెంటు పూశారు. 2013లో ఆగాఖాన్ సంస్కృతి ట్రస్టు రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ పని చేపట్టినప్పుడు, ఆ సిమెంటును ఊడదీసి సున్నం వెయ్యడం అందులో పెద్ద భాగమయింది. ఆ పని 2024లో పూర్తయింది. రాజుల సమాధికైనా రైతు ఇంటికైనా సున్నం ధర్మం ఒకటే!

దోమకొండ దాకా ఒక ప్రయాణం

శాస్త్రం చెబితే బామ్మర్దికి నమ్మకం కుదరలేదు. "చేసి చూపించినోళ్లు ఎవరన్న ఉన్నరా?" అన్నాడు. ఉన్నారు. ఒక ఆదివారం అతన్ని వెంటబెట్టుకుని మెదకు, రామాయంపేట దాటి దోమకొండ వెళ్లాను.

కామారెడ్డి జిల్లాలోని దోమకొండ పాత సంస్థానం. అక్కడి గడి అంటే ఒక్క ఇల్లు కాదు. చుట్టూ కోటగోడ, బురుజులు, కందకం, లోపల నివాస భవనాలు, అద్దాల మేడ, మహాదేవుడి గుడి - అన్నీ కలిసి ఒక చిన్న ఊరంత. ప్రభుత్వ ఆస్తి కాదు, కామినేని వంశం వారిది. శిథిలమవుతున్న ఆ కట్టడాలను ఆ కుటుంబం వారే పూనుకుని, పాత సామగ్రితో, పాత పద్ధతిలో బాగుచేయించారు. 2022లో ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థ, అదే మనం యునెస్కో అనేది, ఆసియా పసిఫిక్ ప్రాంతపు వారసత్వ పరిరక్షణకు ఇచ్చే బహుమతుల్లో దోమకొండ కోటను ప్రశంసా పురస్కారానికి ఎన్నుకుంది. అదే ఏడు గోలకొండ సమాధుల ఆవరణలోని మెట్లబావులకూ ఆ సంస్థ పురస్కారం దక్కింది.

బహుమతి ఇచ్చినవారు ముఖ్యంగా మెచ్చినవి మూడు: ఒక కుటుంబం తమంత తాము ఇంత పెద్ద పని నెత్తిన వేసుకోవడం, ఆ కట్టడానికి తగిన పాత సామగ్రినీ పనితనాన్నీ వాడటం, ఒకప్పుడు ఇంటివారికి మాత్రమే పరిమితమైన చోటును ఊరి జనానికి తెరవడం.

ఈ మూడోదాని దగ్గర కాస్త ఆగాలి. తెలంగాణ పల్లెల్లో గడి అన్న మాట వింటే అందం ఒక్కటే గుర్తురాదు. వెట్టిచాకిరీ గుర్తొస్తుంది. చెప్పులు చేతబట్టుకుని నడిచిన వీధులు గుర్తొస్తాయి. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో ఎన్నో ఊళ్ల దొరలు గడులు విడిచి పట్నాలకు పోయారు. తరవాత ఆ గడులు కూలుతూ ఉంటే ఊరికి పెద్దగా దుఃఖం కలగకపోవడంలో ఆశ్చర్యం లేదు. అంచేత పాత ఇంటి స్వభావాన్ని కాపాడాలి అంటే, దాని స్వభావంలో ఏది కాపాడాలి అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. గోడ, గచ్చు, మొగురం, వెలుగు, గాలి - ఇవి కాపాడాలి. భయాన్ని కాపాడనక్కరలేదు. ఒకప్పుడు మూసి ఉన్న దర్వాజను అందరికీ తెరవడం కూడా జీర్ణోద్ధరణలో భాగమే.

తిరుగు ప్రయాణంలో బామ్మర్ది చాలాసేపు మాట్లాడలేదు. రామాయంపేటలో చాయ తాగుతూ, "వాళ్లకంటె పైసలున్నయి గని," అని మొదలుపెట్టి, "సున్నం మనకు గూడ దొరుకుతది," అని ముగించాడు.

కాగితపు కప్పు సంగతి

డబ్బున్నవారి ముచ్చటే అయినా, హైదరాబాదులోని రెండు భవనాల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. వాటినుంచి మామూలు ఇంటివాళ్లు నేర్చుకోవలసింది ఉంది.

మొదటిది కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీ. కిర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉన్నప్పుడు 1803 ప్రాంతంలో దాని నిర్మాణం మొదలయింది. తరవాతి కాలంలో అది ఆడపిల్లల కాలేజీ అయి, ఎన్నో తరాల అమ్మాయిలకు చదువు చెప్పింది. ఈ పత్రిక చదివే ఇళ్లలో అక్కడ చదివిన అమ్మమ్మలు తప్పక ఉంటారు. భవనం పాడవుతూ వచ్చి, ప్రపంచ స్మారక నిధి సంస్థవారు 2002లో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చేదాకా పోయింది. ఏళ్ల తరబడి పనిచేసి 2023లో మళ్లీ తెరిచారు. దాని దర్బారు హాలు కప్పుకు ఉన్న అలంకారం చూస్తే చెక్కడం అనుకుంటాం. నిజానికి అది కాగితపు గుజ్జుతో చేసి రంగులు వేసినది. తెలియనివాడు ఆ కప్పు బాగుచేయడానికి పూనుకుంటే, ఊడదీసి పారేసి ప్లాస్టరు పోసేవాడే. పనికి ముందు, "ఇది దేనితో చేశారు?" అని అడగడం ఎంత అవసరమో ఆ ఒక్క కప్పే చెబుతుంది.

రెండోది చౌమహల్లా. పద్దెనిమిదో శతాబ్దం నడుమ మొదలై, పందొమ్మిదో శతాబ్దంలో అఫ్జలుద్దౌలా కాలానికి పూర్తయిన నిజాముల నివాసం. రాకుమారి ఎస్రా పూనికతో దాన్ని బాగుచేశారు. 2010లో యునెస్కో ప్రశంసా పురస్కారం దానికీ వచ్చింది. అక్కడా ఇక్కడా దోమకొండలోనూ కనిపించే పద్ధతి ఒకటే. పనివాడు ముందు కట్టడాన్ని చదువుతాడు. తరవాతే చెయ్యి వేస్తాడు.

మరమ్మతులో కొత్తగా పెట్టింది పాతదానిలా నటించాలా, వేరుగా కనిపించాలా అన్న వాదం ప్రపంచమంతటా ఉంది. 1964లో వెనిస్ నగరంలో కూడిన నిపుణులు ఒక ఒప్పందపత్రం రాసుకున్నారు. పోయిన భాగం చోట కొత్తది పెట్టినప్పుడు మొత్తానికి పొందికగా కుదరాలి, కాని దగ్గరికి వెళ్లి చూస్తే ఇది కొత్తదని తెలియాలి అన్నది అందులోని ముఖ్యసూత్రాల్లో ఒకటి. మన ఇళ్లలో చిరిగిన పట్టుచీరకు రఫూ చేయించినట్టే ఇదీ. చీర అందం చెడకూడదు, రఫూ ఎక్కడుందో కట్టుకున్న మనిషికి తెలియాలి.

చేసిన పని, చేసిన క్రమం

ఇంతకూ ఇల్లు ఏమయింది అంటారా? నిలబెట్టాం. కొడుకులిద్దరూ ఒక షరతు పెట్టారు: వెనకనున్న పశువుల కొట్టం చోట అద్దె గదులు వేసుకోనివ్వాలి. పశువులు పోయి ఇరవై ఏళ్లయింది. కొట్టం ఏనాడో కూలింది. అత్తమ్మ సరేనంది. ఆ గదులు ఇటుక, సిమెంటుతోనే లేచాయి. వాటికి అదే తగును. అక్కడ వచ్చే అద్దె ముందున్న ఇంటి మరమ్మతుకు ఆధారమయింది.

మేస్త్రి చెప్పిన క్రమం ఇది: ముందు కప్పు, తరవాత నీటి దారి, తరవాత కర్ర, అటు తరవాత గోడ, ఆఖరున రంగు. మనలో చాలామంది దీన్ని తలకిందులు చేసి రంగుతో మొదలుపెడతాం.

కప్పు విప్పే ముందు ఒక వానకాలం ఊరికే చూశాం. ఎక్కడ కారుతోంది, ఎక్కడ నీళ్లు నిలుస్తున్నాయి అని బామ్మర్ది కూతురు నోటుబుక్కులో గుర్తులు పెట్టింది. గదిగదికీ ఫొటోలు తీసింది. ఆ నోటుబుక్కు తరవాత ఎంత పనికొచ్చిందో చెప్పలేను. మూడుచోట్ల కారుతున్నదనుకున్నది నిజానికి ఒకేచోట పడి, వాసం వెంబడి మూడు దిక్కులకు పారుతోందని తేలింది.

గూనపెంకులు ఇప్పుడు చేసేవాళ్లు అరుదు. పక్క ఊళ్లో కూలగొడుతున్న ఇంటి పెంకులు కొని తెచ్చాం. ఒక ఇంటి చావు ఇంకో ఇంటికి ఆయుష్షయింది. పాత పెంకులు వీధి వైపు, తెచ్చినవి వెనక వైపు వేశాం. తరవాత చూరునీళ్లు గోడ మొదట్లో నిలవకుండా రాతి కాలువ తీయించాం. ఉత్తరపు గోడ చెమ్మకు సగం కారణం ఆ నిలవనీరే.

చెదపట్టిన మొగురాలను తీసేసి ఇనుప గొట్టాలు పెడదామన్నారు. వడ్రంగి ఒప్పుకోలేదు. కింద కుళ్లిన మూరెడు మాత్రం కోసి, అంత టేకు ముక్కను ఒకదానిలో ఒకటి కూర్చునేట్టు అతికాడు. అతుకు కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని దాచడానికి రంగు వెయ్యలేదు.

ఇక సున్నం. పాత సిమెంటును సుత్తితో బాదకుండా, చిన్న ఉలితో మెల్లగా ఊడదీశారు. గోడను చాలా రోజులు ఊరికే ఆరనిచ్చారు. వాకిట్లో గుంట తీసి సున్నం నానబెట్టారు. పిల్లల్ని దాని దగ్గరికి రానియ్యలేదు. ఉడికే సున్నం కంట్లో పడితే ప్రమాదం. చేతికి తగిలినా కాలుతుంది. నానిన సున్నంలో ఇసుక, ఇటుకపొడి కలిపి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు పోసి రుబ్బారు. వెనకటి రోజుల్లో ఎద్దులు తిప్పే రాతి గానుగలో రుబ్బేవారు. ఇప్పుడు యంత్రం. పలచపలచగా పొర మీద పొర వేశారు. ఒక పొర బిగియకుండా ఇంకోటి వెయ్యలేదు. ఎండకు త్వరగా ఆరితే పగులుతుందని తడిగోనెలు కప్పారు. సిమెంటు పని అయితే నాలుగు రోజుల్లో అయిపోయేది. ఇది రెండు నెలలు పట్టింది. ఆ ఆలస్యానికి అందరం విసుక్కున్నాం, మేస్త్రి తప్ప.

ఇక మార్పుల సంగతి. పాతదంతా అలాగే ఉండాలన్న పట్టుదల నాది. దాన్ని విరగ్గొట్టింది అత్తమ్మే. వంటింటి పొయ్యిగడ్డ, పొగగూడు ఎంత అందంగా ఉన్నాయో నేను వర్ణిస్తుంటే విని, "నలభై ఏండ్లు ఆ పొగల ఏడ్సింది నేను. నీకు అంత ముద్దుగుంటే ఫొటో తీసుకోని పో," అంది. పొయ్యిగడ్డ తీసేశాం. గ్యాసు పొయ్యికి తగిన ఎత్తులో కడప బండ పరిచి, కొత్త కిటికీ పెట్టాం. స్నానాల గదులు, మరుగుదొడ్లు పాత గోడలకు ఆనించకుండా వెనక విడిగా కట్టాం. కరెంటు తీగలకోసం గోడలు తొలవకుండా, దూలాల పక్కనుంచి చెక్క పట్టీల్లో నడిపించాం. రేపు పిల్లలు వద్దనుకుంటే వీటిలో దేన్నైనా ఇంటికి దెబ్బ తగలకుండా తీసెయ్యవచ్చు. కొత్తగా ఏది చేర్చినా ఈ ఒక్క పరీక్ష పెట్టుకుంటే చాలావరకు తప్పు జరగదు.

ఖర్చు తక్కువ అని చెబితే అబద్ధం. అంత స్థలంలో కొత్త ఇల్లు కట్టడానికి అయ్యేదాంట్లో సగానికి పైనే అయింది. అందులో సామానుకంటే కూలికే ఎక్కువ పోయింది. అయితే ఆ డబ్బు చాలావరకు మన ఊళ్ల మేస్త్రికీ, వడ్రంగికీ, వాళ్ల దగ్గర పని నేర్చుకున్న కుర్రవాళ్లకూ చేరింది. మేస్త్రి వెంట వచ్చిన మనవడు మొదట్లో "ఇది ఎవ్వరు చేపిస్తరు తాతా" అని సణిగేవాడు. ఇప్పుడు సున్నం పని తెలిసిన కుర్రవాడు ఉన్నాడట అని సంగారెడ్డి నుంచి ఎవరో అతన్ని వెతుక్కుంటూ వచ్చారని విన్నాను.

అరుగు మీద సాయంత్రం

మన ఊళ్లలోని మామూలు పాత ఇళ్లు రాజభవనాలు కావు. వాటికి బహుమతులు రావు. వాటిని కాపాడవలసింది ఇంటివాళ్లే. ప్రతి పాత ఇల్లూ నిలపగలిగిందని నేను అనను. పునాది కదిలి, దూలాలు పోయి, మనుషుల ప్రాణాలకే అపాయమైనప్పుడు దింపక తప్పదు. కాని దింపే ముందు సున్నం పని తెలిసిన ఒక ముసలి మేస్త్రిని పిలిచి గోడ తట్టించండి. ఒక్క వానకాలం నోటుబుక్కు పట్టుకుని చూడండి. ఇల్లు పోయిందని మనం అనుకున్న చోట, తరచు పోయినది ఒక పెంకో, ఒక కాలువో అయి ఉంటుంది.

మొన్న తొలకరికి మళ్లీ హత్నూర వెళ్లాను. ఉత్తరపు గోడ పొడిగా ఉంది. అడుగున ఒకచోట చిన్న మరక కనిపించింది. మేస్త్రిని అడిగితే ఇంకో ఏడాది చూడాలన్నాడు. చిన్న బామ్మర్ది నిచ్చెన వేసుకుని, ఎవరూ చెప్పకుండానే పెంకులు సర్దుతున్నాడు.

సాయంత్రం వెనక గదుల్లో ఉండే ఒడియా కుటుంబం పిల్ల నడిమి వాకిట్లోంచి పరుగెత్తుకుంటూ వచ్చి అరుగు మీద అత్తమ్మ పక్కన కూర్చుంది. మామ తాతగారి రోజుల్లో ఆ దర్వాజ అందరూ దాటేది కాదని అత్తమ్మే ఒకసారి చెప్పింది. ఆ పిల్లకు తెలుగు రాదు, అత్తమ్మకు ఒడియా రాదు. ఇద్దరూ ఏవో కబుర్లు చెప్పుకుంటున్నారు. లోపల వాకిట్లో సన్నగా వాన మొదలయింది. గిన్నెలకోసం ఎవరూ లేవలేదు.